బిట్టు పక్కన జవాబుతో పాటు సమయమూ వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ విద్యా పేజీలో పోటీ పరీక్షల కోసం గణితం బిట్లు వేస్తున్నారు. కింద జవాబులు ఉంటాయి, చాలాసార్లు వివరణ కూడా ఉంటుంది. ఆ పేజీని కత్తిరించి దాచుకునే పిల్లలు మా కడపలో చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు నా దగ్గరికి వస్తారు కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను. బిట్లు బాగుంటున్నాయి, వివరణల్లో తప్పులు అరుదు. అయితే ఏ బిట్టు పక్కనా అది ఎంతసేపట్లో పూర్తి కావాలో ఉండదు. పరీక్ష హాల్లో దేన్ని ముందు పట్టుకోవాలో, దేన్ని చూసి ముందుకు సాగిపోవాలో అసలే ఉండదు. లెక్క చేయడం వచ్చి కూడా ఉద్యోగం రాని పిల్లలను కళ్లారా చూస్తున్నదాన్ని గనుక, ఆ లోటు పూడ్చమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను ఈ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో గణితం చెప్పి పదవీ విరమణ చేశాను. ఎర్రముక్కపల్లెలో మా ఇంటి వసారాలో సాయంత్రం పూట కొంతమంది వచ్చి కూర్చుంటారు. నంద్యాల వెళ్లి గది అద్దెకు తీసుకుని బ్యాంకు కోచింగ్‌లో చేరే స్తోమత లేనివాళ్లు, పగలంతా బట్టల దుకాణంలో నిలబడి వచ్చేవాళ్లు, చంటిబిడ్డను అత్తగారికి అప్పగించి గంటసేపు తీరిక చేసుకుని వచ్చే ఆడపిల్లలు. వీళ్లకు తెలివి తక్కువ కాదు, కష్టపడటంలో ఎవరికీ తీసిపోరు. ఎక్కడ దెబ్బతింటున్నారో చూస్తే మాత్రం దాదాపు అందరిదీ ఒకటే చోటు.

ఆ చోటు బడిలోనే మొదలవుతుంది. పదో తరగతి గణితం పరీక్ష చూడండి. 100 మార్కులు, 33 ప్రశ్నలు, 3 గంటల 15 నిమిషాలు. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. ఎనిమిది మార్కుల లెక్కలో జవాబు రాకపోయినా సూత్రం రాస్తే కొన్ని మార్కులు, ప్రతిక్షేపిస్తే కొన్ని, పటం గీస్తే కొన్ని వస్తాయి. అందుకే మేము పిల్లలకు ‘మొదలుపెట్టిన లెక్క మధ్యలో ఆపొద్దు, తెలిసినంత వరకు సోపానాలు రాయి’ అని చెబుతాం. ఆ పరీక్షకు అదే సరైన మాట, ఇప్పుడు నన్ను బడికి పంపినా అదే చెబుతాను. ఆ అలవాటుతోనే పిల్లవాడు పోటీ పరీక్షకు వెళతాడు. అక్కడ నాలుగు సోపానాలు సరిగ్గా చేసి ఐదోదాని దగ్గర ఆగితే దక్కేది సున్నా. పైగా ఆ నాలుగు సోపానాలకు పట్టిన సమయం వెనక్కి రాదు. పదేళ్లు పట్టుదలను మెచ్చుకుంటూ పెంచిన పిల్లను ఒక్క రోజులో ‘వదిలెయ్’ అంటే ఎలా వదులుతుంది? వదలడం కూడా సాధనతోనే రావాలి.

ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు గడియారంతో మొదటి పరిచయం ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ ఉపకారవేతన పరీక్షలో జరుగుతుంది. మానసిక సామర్థ్యంలో 90 ప్రశ్నలకు 90 నిమిషాలు, పాఠ్యాంశాల్లో 90 ప్రశ్నలకు మరో 90 నిమిషాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కూలి చేసుకునే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ప్రశ్నకు ఒక నిమిషం అన్న లెక్క అక్కడే పిల్లల మనసులో పడుతుంది. మంచిదే. కానీ ఆ తర్వాత రాసే ప్రతి పరీక్షకూ అదే లెక్క పట్టుకుని వెళతారు, చిక్కు అక్కడ వస్తుంది.

ఎందుకంటే ఒకే లెక్కకు పరీక్షను బట్టి సమయం మారుతుంది. ‘ఒక పనిని ఒకరు 12 రోజుల్లో, మరొకరు 18 రోజుల్లో చేస్తే ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు’ అన్న పాత లెక్కనే తీసుకుందాం. ఎస్సై ప్రాథమిక పరీక్షలో అంకగణితం, రీజనింగ్ పేపరుకు 100 ప్రశ్నలు, 3 గంటలు. అంటే ప్రశ్నకు 108 సెకన్లు. కానిస్టేబుల్ ప్రాథమిక పరీక్షలో 200 ప్రశ్నలకు అవే 3 గంటలు, ప్రశ్నకు 54 సెకన్లు. రైల్వేలో సాంకేతికేతర ఉద్యోగాలకు జరిగే ఎన్టీపీసీ పరీక్ష మొదటి దశలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, అక్కడా 54 సెకన్లే. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలు, అంటే లెక్కకు 34 సెకన్లు. ఎస్సై పరీక్షలో 12, 18ల క.సా.గు. 36 అని తాపీగా రాసుకుని, ఒకరు రోజుకు 3 భాగాలు, మరొకరు 2 భాగాలు, మొత్తం 5, అందువల్ల 36ను 5తో భాగిస్తే 7 1/5 రోజులు అని చేసి, మళ్లీ ఒకసారి సరిచూసుకోవచ్చు. బ్యాంకు పరీక్షలో ఆ 36, 5 రెండూ మనసులోనే మెదలాలి, పెన్ను కాగితం మీద పెట్టేది భాగహారానికి మాత్రమే. చేతిలో వంద రూపాయలతో సంతకు వెళ్లినవాడు, వెయ్యి రూపాయలతో వెళ్లినవాడు ఒకేలా బేరం చేయరు. మన పిల్లలకు మాత్రం ఏ పరీక్షకు చేతిలో ఎంత ఉందో చెప్పకుండానే పంపుతున్నాం.

పైన చెప్పిన సెకన్లు కూడా ఉత్త భాగహారాలే. అసలు లెక్క దాని తర్వాత మొదలవుతుంది. ఎన్టీపీసీలో 40 ప్రశ్నలు జనరల్ అవేర్‌నెస్, 30 గణితం, 30 రీజనింగ్. విభాగాలవారీగా సమయ పరిమితి లేదు. జనరల్ అవేర్‌నెస్ ప్రశ్నకు జవాబు తెలిస్తే పది సెకన్లలో తెలుస్తుంది, తెలియకపోతే పది నిమిషాలు చూసినా తెలియదు. కాబట్టి ఆ 40 ప్రశ్నలను పన్నెండు, పదమూడు నిమిషాల్లో ముగిస్తే, రీజనింగ్‌కు ముప్పై నిమిషాలు పోగా గణితానికి నలభై ఐదు నిమిషాలు మిగులుతాయి. 54 సెకన్ల లెక్క 90 సెకన్ల లెక్క అవుతుంది. ఈ ఒక్క విషయం చెప్పగానే బద్వేలు నుంచి వచ్చే ఒక అబ్బాయి ముఖం వెలిగిపోయింది. అతడు అంతవరకు గణితంతో మొదలుపెట్టి, చివర్లో తెలిసిన చరిత్ర ప్రశ్నలు కూడా చదవకుండానే లేచి వచ్చేవాడు.

కానిస్టేబుల్ పరీక్ష కాగితం మీద, ఓఎంఆర్ పత్రంతో జరిగినప్పుడు మరొకటి లెక్కలోకి తీసుకోవాలి. ఒక వృత్తాన్ని సరిగ్గా దిద్దడానికి ఐదు సెకన్లు అనుకుంటే 200 వృత్తాలకు 1,000 సెకన్లు, దాదాపు 17 నిమిషాలు. అంటే ఆలోచించడానికి మిగిలేది 163 నిమిషాలే, ప్రశ్నకు 49 సెకన్లు. అన్నీ చేసి చివర్లో ఒకేసారి దిద్దుదామనుకునే పిల్లలు ఆ 17 నిమిషాలను మరిచిపోతారు. హడావుడిలో ఒక వరుస జారితే కింది జవాబులన్నీ తప్పుతాయి. ఒక పేజీ పూర్తయ్యాక ఆ పేజీ దిద్దేయడం మేలు. ఇది ఏ షార్ట్‌కట్ పుస్తకంలోనూ ఉండదు.

షార్ట్‌కట్ పుస్తకాల గురించి ఒక మాట. నా దగ్గరికి వచ్చే చాపాడు అమ్మాయి ఒక కోచింగ్ కేంద్రం ఇచ్చిన సూత్రాల పుస్తకం తెచ్చి చూపింది. పడవలు–ప్రవాహాలకే పేజీల కొద్దీ సూత్రాలు. సందర్భానికి ఒక సూత్రం, ఆ సూత్రానికి మినహాయింపు, మినహాయింపుకు ఇంకో సూత్రం. ఇన్ని గుర్తుపెట్టుకున్న పిల్ల హాల్లో ఏది వాడాలో వెతుక్కోవడానికే అరనిమిషం పోగొట్టుకుంటుంది. మూలం అర్థమైతే ఆ సూత్రాల్లో సగానికి పైగా అవసరమే లేదు. చక్రవడ్డీ సంగతి చూడండి. 12,500 రూపాయలకు 8 శాతం చొప్పున రెండేళ్ల చక్రవడ్డీ ఎంత? ఏడాది వడ్డీ 1,000. రెండేళ్ల బారువడ్డీ 2,000. మొదటి ఏడాది వచ్చిన 1,000 మీద రెండో ఏడాది వడ్డీ 80. మొత్తం 2,080. సూత్రంలో 1.08 వర్గం చేసి గుణించే పిల్ల ఇంకా మొదటి గుణకారంలో ఉండగానే ఇది అయిపోతుంది. ఇచ్చిన ఐచ్ఛికాలు 1,850, 2,080, 2,400, 2,750 అయితే ఆ 80 కూడా లెక్కకట్టనక్కరలేదు. 2,000 కంటే కొంచెం ఎక్కువ అని తెలిస్తే చాలు. లెక్క మొదలుపెట్టే ముందు ఐచ్ఛికాల వైపు ఒక చూపు వేయాలని నేను పదే పదే చెప్పేది ఇందుకే. ఐచ్ఛికాలు దూరం దూరంగా ఉంటే ఉజ్జాయింపు, దగ్గరగా ఉంటే అసలు లెక్క.

గుణకారాల్లోనూ అంతే. 347ను 628తో గుణించమన్నారు. ఏడెనిమిదులు యాభై ఆరు, కాబట్టి చివరి అంకె 6. ఐచ్ఛికాల్లో 6తో ముగిసేది ఒక్కటే ఉంటే పని అయిపోయింది. రెండు ఉంటే అంకెల మొత్తం చూడాలి. 347లో అంకెలు కలిపితే 14, మళ్లీ కలిపితే 5. 628లో 16, మళ్లీ కలిపితే 7. ఐదేడులు 35, కలిపితే 8. జవాబు అంకెలూ 8కి రావాలి. 217916 అంకెలు కలిపితే 26, అంటే 8. పది సెకన్ల పని. అయితే ఇవి ఎక్కాలు నోటికి వచ్చినవాళ్లకే పనికొస్తాయి. ఇరవై దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు, 1/6 అంటే 16.67 శాతం, 1/7 అంటే 14.29 శాతం, 1/8 అంటే 12.5 శాతం లాంటివి తడుముకోకుండా రావాలి. ఫోనులో కాలిక్యులేటర్ అలవాటైన పిల్లలకు నేను మొదటి నెల ఇవి తప్ప మరేమీ చెప్పను. కొందరు విసుక్కుంటారు, ఒకరిద్దరు మానేశారు కూడా. అయినా ఇందులో నేను రాజీపడను.

ఇక బ్యాంకు పరీక్ష. అందులో 20 నిమిషాలు కాగానే ఆ విభాగం దానంతట అదే మూసుకుపోతుంది. ఇంగ్లిషులో మిగిలిన సమయాన్ని ఇక్కడ వాడుకునే వీలు లేదు, ఇక్కడిది రీజనింగ్‌కు తీసుకుపోయే వీలూ లేదు. చాపాడు అమ్మాయి ఇంటి దగ్గర ఏ లెక్క ఇచ్చినా చేసేది. మాక్ టెస్టులో మాత్రం 35లో 14 దాటేది కాదు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఆమె పెన్ను ఎటు వెళుతోందో చూశాను. మొదటి బిట్టు పడవల లెక్క. మూడు నిమిషాలు పట్టింది, జవాబు సరిగ్గానే వచ్చింది, సంతోషంగా రెండోదానికి వెళ్లింది. ఆ మూడు నిమిషాల్లో 34 సెకన్ల బిట్లు ఐదు అయిపోయేవి. ఆ ఐదూ పదిహేనో బిట్టు తర్వాత ఆమె కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి, ఆమె అంతవరకు వెళ్లనే లేదు.

ఆమెకు నేను చెప్పింది ఇదీ. ప్రశ్నలు వచ్చిన వరుసలో చేయాలన్న నియమం ఏదీ లేదు. ముందు సూక్ష్మీకరణలు, ఉజ్జాయింపులు. 649.8లో 39.97 శాతం, దానికి 15.02, 11.98ల లబ్ధం కలపమంటే, 650లో 40 శాతం 260, పదిహేను పన్నెండ్లు 180, మొత్తం 440. ఇలాంటివి ఒక పన్నెండు ఉంటే ఐదు నిమిషాలు. తర్వాత సంఖ్యా శ్రేణులు. 7, 8, 18, 57, 232 అని ఇచ్చారు. పెరుగుదల మెల్లగా ఉంటే తేడాలు చూడాలి, ఇలా ఉరుకుతుంటే గుణకారం ఉంటుంది. 1తో గుణించి 1, 2తో గుణించి 2, 3తో గుణించి 3, అలా వెళితే తర్వాతిది 1,165. నలభై సెకన్లలో దారి కనిపించని శ్రేణిని అక్కడే ఆపేయాలి, ఎందుకంటే శ్రేణి కనిపిస్తే వెంటనే కనిపిస్తుంది, లేకపోతే ఎంతసేపు చూసినా బుర్ర వేడెక్కడమే. మూడు నిమిషాలకు మించి వీటికి వద్దు. దత్తాంశ పట్టిక మీద ఐదు ప్రశ్నలకు నాలుగు నిమిషాలు. పట్టిక అర్థం చేసుకోవడానికి పట్టే సమయం ఐదింటికీ కలిసొస్తుంది కాబట్టి ఒకటి చేసి నాలుగు వదలడం నష్టం. మిగిలేది ఎనిమిది నిమిషాలు. పడవలు, రైళ్లు, వయసులు, మిశ్రమాలు, భాగస్వామ్యాలు అన్నీ అప్పుడే. పదమూడు ఉంటే అందులో తనకు బాగా వచ్చిన ఎనిమిది ఏరుకోవడం, నిమిషానికి ఒకటి చేయడం. అన్నీ కలిసొచ్చిన రోజున 29 దాకా అవుతాయి, 24 అయినా తప్పేమీ లేదు. 35కు 35 చేయాలన్న కోరిక ఇంటి దగ్గర సాధనలో ఉండాలి, హాల్లో కాదు.

వదిలేయమంటున్నానని లెక్కలంటే భయపడి పారిపోయేవాళ్లు నన్ను సాక్షిగా పెట్టుకోకూడదు. అలాంటివాళ్లూ వస్తారు. ‘లెక్కలు మనకు రావు మేడమ్, జీకేతో గట్టెక్కుతాను’ అన్నాడు ఒక ఆటో డ్రైవరు కొడుకు, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న పిల్లవాడు. అతడు చూడకుండా వదిలేస్తున్న వాటిలో ‘150 మీటర్ల రైలు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో స్తంభాన్ని ఎంతసేపట్లో దాటుతుంది’ లాంటివి ఉన్నాయి. 54ను 5/18తో గుణిస్తే సెకనుకు 15 మీటర్లు, 150ని 15తో భాగిస్తే 10 సెకన్లు. ఇంత తేలికైన మార్కును చదవకుండా వదులుకోవడం ఆ కుటుంబానికి అన్యాయం. ప్రతి లెక్కనూ చదవాలి. చదివాక పదిహేను సెకన్లలో మొదట ఏం రాయాలో తెలియాలి. తెలిస్తే చేయాలి. తెలియకపోతే తర్వాత చూడాలని గుర్తు పెట్టి ముందుకు వెళ్లి, రెండో విడతలో మళ్లీ రావాలి. మొదట ఏం రాయాలో తెలిసి కూడా అంకెలు వికారంగా కనిపిస్తే అదీ రెండో విడతకే. ఈ పదిహేను సెకన్ల నిర్ణయాన్ని విడిగా సాధన చేయిస్తున్నాను. ఒక బిట్ పేపరు ఇచ్చి, ఒక్క లెక్కా చేయవద్దు, ఒక్కోదాని పక్కన ‘ఇప్పుడు’, ‘తర్వాత’, ‘వద్దు’ అని మాత్రం రాయమంటాను. ఆ తర్వాత అన్నీ చేయించి, వాళ్ల అంచనా ఎక్కడ తప్పిందో చూపిస్తాను. కొన్ని వారాల్లో ఎవరికి ఏ అధ్యాయం అచ్చొస్తుందో వాళ్లకే తెలిసిపోతుంది. ఆటో డ్రైవరు కొడుకు ‘ఇప్పుడు’ అని రాసేవి ఇప్పుడు సగానికి మించాయి.

తప్పు జవాబుకు కోత ఉండే పరీక్షల్లో ఊహించి పెట్టవచ్చా అని అందరూ అడుగుతారు. దీనికి సెంటిమెంటుతో కాకుండా సంభావ్యతతో జవాబు చెప్పాలి, పదో తరగతిలో నేర్చుకున్నదే. బ్యాంకు పరీక్షలో ఐదు ఐచ్ఛికాలు, తప్పుకు పావు మార్కు కోత. కళ్లు మూసుకుని పెడితే ఐదింట ఒకసారి ఒక మార్కు వస్తుంది, నాలుగుసార్లు పావు చొప్పున ఒక మార్కు పోతుంది. సరిసమానం. రైల్వేలో నాలుగు ఐచ్ఛికాలు, మూడో వంతు కోత, అక్కడా సరిసమానమే. కాబట్టి ఏమీ తెలియని బిట్టుకు ఊహ మీద సమయం పెట్టడం వృథా. ఒక్క ఐచ్ఛికమైనా ఖాయంగా తప్పని తెలిస్తే మాత్రం లెక్క మనవైపు మొగ్గుతుంది. రైల్వేలో ఒకదాన్ని కొట్టేస్తే మూడింట ఒకసారి ఒక మార్కు వస్తుంది, రెండుసార్లు మూడో వంతు చొప్పున పోతుంది, మూడు బిట్లకు మూడో వంతు మార్కు మిగులుతుంది. చివరి అంకె చూడటం, ఉజ్జాయింపు వేయడం ఇక్కడే అక్కరకొస్తాయి. పూర్తి జవాబు రాకపోయినా చాలాసార్లు ఒకటో రెండో ఐచ్ఛికాలు ఎగిరిపోతాయి.

ఇంజినీరింగ్ ప్రవేశాలకు రాసే ఈఏపీసెట్‌లో కోతే లేదు. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, అందులో 80 గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. సమానంగా పంచితే ప్రశ్నకు 67.5 సెకన్లు. కెమిస్ట్రీని ముప్పై నిమిషాల్లో, ఫిజిక్స్‌ను నలభై ఐదు నిమిషాల్లో ముగించగలిగితే గణితానికి 105 నిమిషాలు. చివరి ఐదు నిమిషాలు తీసి పక్కన పెడితే 100 నిమిషాలు, బిట్టుకు 75 సెకన్లు. ఆ ఐదు నిమిషాలు ఎందుకంటే, మిగిలిపోయిన ప్రతి బిట్టుకూ ఏదో ఒక జవాబు పెట్టడానికి. ఒక్కోదానికి గుర్తించి ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కడానికి ఐదారు సెకన్లు పడుతుంది, ఇరవై మిగిలితే రెండు నిమిషాలు. ఇరవై బిట్లకు సగటున ఐదు మార్కులు. నియమం ఒప్పుకున్నదాన్ని వాడుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆఖరి నిమిషం దాకా ఒక సమాకలనంతో పోరాడి ఇరవై ఖాళీలు వదిలి వచ్చే తెలివైన పిల్లలను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ పరీక్షలోనే త్రికోణమితి సర్వసమీకరణాలకు విలువలు ప్రతిక్షేపించే పద్ధతి ఉంది. సైన్ ఆరో ఘాతం, కాస్ ఆరో ఘాతం, వాటికి సైన్ వర్గం, కాస్ వర్గాల లబ్ధానికి మూడింతలు కలిపితే ఎంత అంటే, ఘనాల సూత్రంతో నిమిషం పడుతుంది. కోణాన్ని సున్నా అనుకుంటే మొదటి, మూడో పదాలు పోయి 1 మిగులుతుంది. ఐచ్ఛికాలు కూడా కోణంలోనే ఉండి, సున్నా దగ్గర రెండు ఐచ్ఛికాలు ఒకే విలువ ఇస్తే మాత్రం ఇంకో కోణం పెట్టి చూడాలి. ఈ జాగ్రత్త చెప్పకుండా పద్ధతి ఒక్కటే చెబితే పిల్లలు మోసపోతారు.

కంప్యూటర్ ముందు రాసే పరీక్షలో ఇంకో చిన్న విషయం ఉంది. ప్రశ్న తెర మీద, పెన్ను కాగితం మీద. పుస్తకంలో బిట్టు పక్కనే లెక్క చేసుకునే అలవాటున్న పిల్లలు తెర మీది ప్రశ్నను రఫ్ కాగితం మీదకు ఎక్కించుకుంటారు. ఒక్కోదానికి పదిహేను సెకన్లు పోతాయి. అంకెలు మాత్రమే రాసుకోవాలి, పక్కన ప్రశ్న సంఖ్య వేసుకోవాలి. రెండో విడతలో తిరిగి వచ్చినప్పుడు మొదటిసారి చేసిన సగం పని దొరకాలి కదా. తెలుగు మాధ్యమం పిల్లలు ఏ భాషలో చదవాలో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి, ప్రతి ప్రశ్నకూ అటూ ఇటూ మారుతుంటే సమయం రెండింతలవుతుంది. పరీక్షలు నిర్వహించే కొన్ని సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఉచితంగా మాక్ టెస్టులు పెడుతున్నాయి గానీ, పల్లె పిల్లలు వాటిని ఫోనులో రాస్తున్నారు. మౌసు పట్టి, పెద్ద తెర మీద రాసే వీలు వాళ్లకు లేదు. జిల్లా గ్రంథాలయంలోనూ, సెలవు రోజుల్లో ఇంజినీరింగ్ కళాశాలల ల్యాబుల్లోనూ ఆ వీలు కల్పించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. పోరుమామిళ్ల నుంచో, జమ్మలమడుగు నుంచో మే నెల ఎండలో బస్సెక్కి వచ్చిన పిల్ల ఆ కంప్యూటర్‌ను మొదటిసారి పరీక్ష రోజునే చూడాల్సి రావడం న్యాయం కాదు.

సంపాదకుల వారికి నా విన్నపం ఇంతే. మీరు వేసే ప్రతి గణితం బిట్టు పక్కన ఏ పరీక్షకు ఎన్ని సెకన్లు అన్నది ఒక అంకెగా వేయించండి. అది మొదటి విడతదో, రెండో విడతదో ఒక్క అక్షరంతో గుర్తు పెట్టించండి. వివరణలో పూర్తి సోపానాలు ఎలాగూ ఇస్తున్నారు, వాటి కింద హాల్లో కాగితం మీద నిజంగా రాయాల్సింది ఎంతో ఒక్క పంక్తిలో చూపించండి. వారానికొకసారి బిట్ల బదులు, పైన చెప్పినట్టు ‘ఇప్పుడు, తర్వాత, వద్దు’ అని ఎంచుకోమనే పేపరు ఒకటి వేసి, మరుసటి వారం మీ ఎంపికనూ కారణాలనూ ఇవ్వండి. దీనికి అదనంగా పేజీ అక్కరలేదు, ఇప్పుడున్న స్థలమే సరిపోతుంది. మీరు సరేనంటే మా వసారాలో పిల్లలు స్టాప్‌వాచ్ పెట్టుకుని చేసిన బిట్లను, ఒక్కోదానికి వాళ్లలో చురుకైన వాళ్లకు, నిదానస్తులకు పట్టిన సమయాలతో సహా ఈ నెలాఖరులోగా మీ కార్యాలయానికి పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయిని,
ఎర్రముక్కపల్లె, కడప